దివంగత చదరంగ క్రీడాకారుని కాగితాలకు, పుస్తకాలకు కొత్త నెలవు: గోదావరి డెల్టా కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

చదరంగం ఆడిన మనిషి పోయాక ఇంట్లో రెండు రకాల వస్తువులు మిగులుతాయి. ఒకటి, అట్టలున్న పుస్తకాలు. రెండోది, అట్టలు లేని కాగితాలు: స్కోరు షీట్లు (ఆటలో వేసిన ఎత్తులను, అంటే పావుల కదలికలను, రాసుకున్న కాగితాలు), టోర్నమెంటు బులెటిన్లు, ప్రత్యర్థులు రాసిన కార్డులు, విశ్లేషణ రాసుకున్న నోటుబుక్కులు. పెద్దకర్మ ముగిసి, చుట్టాలు వెళ్లిపోయి, గది ఖాళీ చేసే వేళకు చాలా ఇళ్లలో పుస్తకాలను గౌరవంగా బీరువాలో సర్ది, విడి కాగితాలను పాత పేపర్లు కొనేవాడి తక్కెట్లో వేస్తారు. ఈ మార్గదర్శి ఆ వరుసను తిరగేయమని చెబుతుంది. అచ్చయిన పుస్తకానికి ఎక్కడో ఒకచోట ఇంకో ప్రతి దొరుకుతుంది. నలభై యాభై ఏళ్ల కిందట కాకినాడలోనో భీమవరంలోనో జరిగిన జిల్లా పోటీలో ఆయన ఆడిన ఆట మాత్రం ఆ స్కోరు షీటు కార్బన్ ప్రతి ఒక్కదానిలో తప్ప మరెక్కడా ఉండకపోవచ్చు. నేటి కంప్యూటర్ డేటాబేసులలో లక్షల ఆటలున్నా, 1990లకు ముందు మన జిల్లాల్లో ఆడినవి వాటిలో కనబడటం అరుదు.

కాబట్టి ముందు కాగితాల సంగతి చూసి, పుస్తకాల సంగతి ఆ తరువాత చూడాలి. కింద చెప్పిన క్రమం కుటుంబ సభ్యులకే కాక, ఆ కుటుంబానికి సాయపడదలచిన శిష్యులకు, క్లబ్బు మిత్రులకు కూడా వర్తిస్తుంది.

మొదటి అడుగు: గడువు తీసుకోవడం

ఇల్లు వెంటనే ఖాళీ చేయవలసిన అవసరం లేకపోతే, సంవత్సరీకం వరకు ఆయన గదిలోని ఏ కాగితమూ బయటికి వెళ్లకూడదని ఇంటివాళ్లందరూ ఒక మాట అనుకోవాలి. మీరు బయటివారైతే పరామర్శకు వెళ్లిన రోజే పుస్తకాల ప్రస్తావన తేవద్దు. కొన్నాళ్లు ఆగి వెళ్లినప్పుడు కూడా "మాకు ఇవ్వండి" అనకుండా, "అమ్మగారూ, అవన్నీ మీ దగ్గరే ఉండనివ్వండి, నేను వచ్చి ఏమేమి ఉన్నాయో జాబితా రాసిపెడతాను" అని అడగండి. తీసుకెళ్లడానికి వచ్చిన మనిషికీ రాసిపెట్టడానికి వచ్చిన మనిషికీ తేడా ఇంటివాళ్లకు తెలుస్తుంది, తలుపులు తెరిచేది రెండోవాడికే.

ఈ వస్తువులు చట్టరీత్యా వారసులందరివీ అవుతాయి. పెద్దకొడుకు సరే అన్నాడని పెట్టెలు కదిలించిన తరువాత, హైదరాబాదులో ఉన్న కూతురు ఫోను చేసి అభ్యంతరం చెబితే పని అక్కడే ఆగుతుంది. ముందే అందరినీ కలిపి ఒక వాట్సాప్ సంభాషణలో పెట్టి, వారి అంగీకారం రాతలో ఉండేలా చూసుకుంటే చాలు.

ఇల్లు అమ్మేస్తున్నందువల్ల పెట్టెలను అద్దె గదిలోనో ఎవరింట్లోనో ఉంచవలసి వస్తే, అద్దె ఎవరు కడతారో, ఎప్పటివరకో రాసుకోండి. ప్రపంచ ఛాంపియన్ బాబీ ఫిషర్ వస్తువులే కాలిఫోర్నియాలోని పాసడేనాలో ఒక అద్దె గోదాములో ఉండి, అద్దె బాకీ పడిన కారణంగా 1990ల చివర వేలంలో చెల్లాచెదురయ్యాయి. ఆయన అప్పటికి బతికే ఉన్నాడు.

రెండో అడుగు: కదిలించే ముందు ఫోటో

అలమారు తలుపు తెరిచి, ఒక్క పుస్తకమూ కదపకుండా, అర అర చొప్పున ఫోనుతో ఫోటోలు తీయండి. ఏ కట్ట పక్కన ఏ కట్ట ఉన్నదన్నది కూడా సమాచారమే. ఒక పోటీ బులెటిన్ మధ్యలో దొరికిన తేదీ లేని స్కోరు షీటు ఆ పోటీలోదే కావచ్చు. వాటిని విడదీసి "చక్కగా" సర్దిన తరువాత ఆ ఆధారం తిరిగి రాదు. పుస్తకాల పేజీల మధ్య ఉన్న చీటీలను తీయక తప్పకపోతే, ఏ పుస్తకం, ఏ పేజీ అన్నది పెన్సిలుతో ఒక తెల్ల కాగితంపై రాసి చీటీకి తోడుగా ఉంచండి.

మూడో అడుగు: నీటికి, చెమ్మకు, చెదలకు దూరం

డెల్టాలో కాగితానికి శత్రువు ముందు నీరు, తరువాత గాలిలోని చెమ్మ. గోదావరికి వరద సాధారణంగా జూలై నుంచి సెప్టెంబరు మధ్య వస్తుంది. తుపానులు అక్టోబరు, నవంబరులలో ఎక్కువ. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది ఇస్తారు. ఇల్లు లంకలోనో ఏటిగట్టుకు లోపలివైపునో ఉంటే, మొదటి హెచ్చరిక వచ్చాక పెట్టెలు మోయడానికి మనుషులు దొరకరు. అందరికీ తమ సామాను, గొడ్లు ఉంటాయి. 1986 ఆగస్టు వరదను చూసినవారికి, 2022 జూలైని చూసినవారికి ఇది వివరించనక్కరలేదు. అందువల్ల కాగితాలను జూన్ చివరికే గట్టు దాటించి, ఊళ్లో మేడ మీది గదికి చేర్చాలి. అయితే పైకప్పు రేకులదైతే మేడ కూడా క్షేమం కాదు. 1996 నవంబరు తుపానులో కోనసీమలో నీటికన్నా ముందు గాలే ఇళ్లలోకి వచ్చింది.

అటక మీద పెట్టవద్దు. అక్కడి వేడికి కాగితం పెళుసుబారుతుంది. నేలమీద పెట్టవద్దు; పెట్టె కింద ఇటుకలో చెక్కపలకో ఉండాలి. గోడకు ఆనించవద్దు, జానెడు ఎడం ఉంటే చెదలు ఎక్కే దారి కంటబడుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టడం చాలామంది చేసే పని. లోపల చెమ్మ ఉండగా బిగిస్తే అది బూజును పెంచే గది అవుతుంది. గాలిలో తేమ 65 శాతం దాటి నిలిచినచోట బూజు పట్టే అవకాశం ఎక్కువ, మన దగ్గర వర్షాకాలమంతా దాదాపు అదే స్థితి. స్టీలు బీరువా, అందులో చెమ్మను పీల్చే సిలికా జెల్ పొట్లాలు, రెండు వారాలకొకసారి తలుపు తెరిచి ఫ్యానుగాలి తగలనివ్వడం: ఇంటి స్థాయిలో ఇంతకుమించి అక్కరలేదు. కాగితాలు విప్పి ఆరబెట్టి సర్దే పెద్ద పని ఏదైనా సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య పెట్టుకుంటే మంచిది. అప్పుడు గాలి పొడిగా ఉంటుంది, ఎండ చురుకు తక్కువగా ఉంటుంది. ఏ కాలంలోనైనా కాగితాన్ని నేరుగా ఎండలో పరచకూడదు. పాళీ కలంతో రాసిన సిరా, కార్బన్ నీలం రెండూ ఎండకు వెలిసిపోతాయి.

ఇప్పటికే తడిసినవాటిని బలవంతంగా విడదీయవద్దు. రెండు రోజులు దాటితే బూజు మొదలవుతుంది గనుక, నీడలో ఫ్యాను కింద, మధ్యమధ్య తెల్ల కాగితం పెట్టి ఆరనివ్వాలి. పాత వార్తాపత్రికను అందుకు వాడితే దాని సిరా అంటుకుంటుంది. పుస్తకాల పురుగు పట్టిన కట్టను పాలిథీన్ సంచిలో గట్టిగా చుట్టి, మైనస్ 18 డిగ్రీలకు దిగే డీప్ ఫ్రీజరులో రెండు వారాలు ఉంచి, తీసిన తరువాత మరో రోజంతా సంచి విప్పకుండా గదిలో వదిలేస్తే, మందులేవీ చల్లకుండానే పురుగు చస్తుంది. ఈ పనికి చేపలు, రొయ్యలు పెట్టని ఫ్రీజరును చూసుకోండి.

తుప్పు పట్టిన గుండుసూదులను, స్టేపుల్ పిన్నులను మెల్లగా తీసేయండి. సెల్లోటేపు అంటించవద్దు, లామినేషన్ అసలే వద్దు. పదేళ్లకు ఆ టేపే కాగితాన్ని పసుపురంగు మరకతో తినేస్తుంది.

నాలుగో అడుగు: వేరుచేయడం

చేతిరాత ఉన్నదంతా ఒకవైపు, అచ్చు మాత్రమే ఉన్నది మరోవైపు పెట్టాలి. ఆయన అంచుల్లో పెన్సిలుతో వ్యాఖ్యలు రాసుకున్న పుస్తకం అచ్చుదైనా చేతిరాతల వైపుకే వస్తుంది. సైక్లోస్టైల్ చేసిన టోర్నమెంటు బులెటిన్లు కూడా అటే. పోటీ జరిగినన్నాళ్లు కొద్దిమందికి పంచిన ఆ పల్చటి కాగితాలు గ్రంథాలయాలకు చేరడం అరుదు, అందువల్ల మొత్తం సేకరణలో అవే అపురూపం.

బ్యాంకు పుస్తకాలు, పింఛను కాగితాలు, ఆధార్ నకళ్లు, వైద్యుల చీటీలు ఈ దశలోనే ఏరి కుటుంబానికి అప్పగించాలి. పత్రికల కత్తిరింపులను పారేయవద్దు. తేదీ లేని కత్తిరింపును గుర్తించడానికి పాత పత్రికలు భద్రపరచిన గ్రంథాలయాలు ఉపయోగపడతాయి. బాపట్ల జిల్లా వేటపాలెంలో 1918లో ఏర్పడిన సారస్వత నికేతనం అందుకు పేరుపొందింది.

ఉత్తరాల ద్వారా చదరంగం ఆడినవారి ఇంట్లో పోస్టుకార్డుల కట్టలు దొరుకుతాయి. వాటిమీద 5254 వంటి అంకెలు కనబడితే గూఢలిపి అనుకోవద్దు. అంతర్జాతీయ కరెస్పాండెన్స్ పోటీలలో భాషతో పనిలేకుండా ఎత్తులు రాసే పద్ధతి అది. మొదటి రెండంకెలు పావు ఉన్న గడి, చివరి రెండు అది చేరే గడి; ఒక్కో జతలో మొదటిది నిలువు వరుస, రెండోది అడ్డువరుస. నిలువు వరుసలను ఎడమనుంచి ఒకటి నుంచి ఎనిమిది వరకు లెక్కిస్తే, 5254 అంటే రాజు ముందరి బంటు రెండు గళ్లు జరగడం. ఒక ప్రత్యర్థి కార్డులన్నీ ఒకే కట్టగా ఉంచండి. ఒకే కార్డు మీద రెండు ఆటల ఎత్తులుండటం మామూలే కాబట్టి ఆటలవారీగా విడదీయబోతే చిక్కు. విదేశీ స్టాంపులు బాగున్నాయని మనవలు కత్తిరించుకోకుండా చూడటం ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఆ ఎత్తు ఎప్పుడు వేశారో చెప్పేది స్టాంపు మీది తపాలా ముద్రే.

ఐదో అడుగు: స్కోరు షీటును చదవడం

ఈ పనికి చదరంగం వచ్చిన మనిషి ఒకరు తప్పనిసరి, వీలైతే యాభై దాటినవారు. కారణం, 1980లకు ముందు మన దేశంలో చాలామంది ఎత్తులను రాసిన డిస్క్రిప్టివ్ పద్ధతి నేటి పిల్లలకు తెలియదు. అంతర్జాతీయ సమాఖ్య ఫిడే 1981 నుంచి ఆ పద్ధతిని గుర్తించడం మానేసి, గళ్లను ఈ4, ఎఫ్3 అని పిలిచే ఆల్జీబ్రాయిక్ పద్ధతినే నిలిపింది. అయినా అలవాటు పడిన చేతులు ఆ తరువాత కూడా కొన్నేళ్లు పాతదే రాశాయి. కనుక పద్ధతిని చూసి షీటు కాలాన్ని స్థూలంగా ఊహించవచ్చు గాని ఖాయం చేయకూడదు.

పాత పద్ధతిలో ప్రతి ఆటగాడూ తన వైపునుంచే గళ్లను లెక్కిస్తాడు. 'పీ-కే4' (రాజు వరుసలో నాలుగో గడికి బంటు) అని తెల్లపావుల వరుసలో ఉంటే అది నేటి ఈ4, అదే నల్లపావుల వరుసలో ఉంటే ఈ5. 'ఎన్-కేబీ3' (రాజు పక్క శకటు వరుసలో మూడో గడికి గుర్రం) తెల్లకు ఎఫ్3, నల్లకు ఎఫ్6. గుర్రాన్ని కొందరు 'ఎన్' అని, పాతతరం వారు 'కేటీ' అని రాశారు. తెలుగులోనే రా, మం, ఏ, శ, గు, బం అని పొడి అక్షరాలతో రాసుకున్న నోటుబుక్కులు కూడా ఉండవచ్చు. ఏ అక్షరం ఏ పావుకు అన్నది ఊహించకుండా, ఆట మొదటి పది ఎత్తులను బోర్డు మీద వేసి చూసి నిర్ధారించుకోండి.

అసలు చిక్కు మధ్య ఆటలో వస్తుంది. 'పీ×పీ' (బంటు బంటును కొట్టింది) అని మాత్రమే రాసి ఉంటుంది, బోర్డు మీద చూస్తే రెండు బంట్లు రెండు వేర్వేరు బంట్లను కొట్టగల స్థితి ఉంటుంది. ఆడేవాడికి కళ్ల ముందు బోర్డు ఉంది కనుక అంతకన్నా రాయనక్కరలేకపోయింది. అప్పుడు రెండు దారులనూ విడివిడిగా ముందుకు నడిపించాలి. తప్పుదారిలో ఐదారు ఎత్తులకే ఏదో ఒక పావు లేని గడి నుంచి కదలవలసి వస్తుంది, సరైన దారి చివరిదాకా పోతుంది. ఏనుగుల విషయంలోనూ ఇంతే: 'ఆర్-క్యూ1' (మంత్రి వరుసలో మొదటి గడికి ఏనుగు) అంటే ఏ ఏనుగు అన్నది తరువాతి ఎత్తులే చెప్పాలి. ఎక్కడా కుదరకపోతే మధ్యలో ఒక జత ఎత్తులు రాయడం మరిచారేమో చూడండి. ముప్పై ఎత్తులు దాటాక గడియారం తొందర పెట్టినచోట గీతలు, ఖాళీలు, చుక్కలు మాత్రమే ఉండటం సహజం. అక్కడ మీకు తోచిన ఎత్తును నింపి ఊరుకోవద్దు. నింపితే, అది మీ ఊహ అని పక్కన రాయండి.

షీటు నలభై ఒకటో ఎత్తు దగ్గర ఆగి ఫలితం లేకుండా ఉంటే అసంపూర్తి ఆట అని పక్కన పెట్టేయకండి. ఆ రోజుల్లో పెద్ద పోటీలలో రెండున్నర గంటల్లో నలభై ఎత్తులు వేయాలన్న నియమం ఉండేది. ఆట తేలకపోతే తరువాతి ఎత్తును కవరులో సీలువేసి వాయిదా వేసేవారు. మిగిలిన ఎత్తులు వేరే షీటులో ఉంటాయి, మధ్యలో రాత్రి జాగారం చేసి రాసుకున్న విశ్లేషణ ఏదో నోటుబుక్కులో ఉంటుంది. ఈ మూడింటినీ జతచేయగలిగితే ఆ క్రీడాకారుడు ఎలా ఆలోచించేవాడో ఒక్కచోట కనబడుతుంది. నా మట్టుకు నాకు పతకాలకన్నా ఇదే విలువైనదిగా తోస్తుంది.

ఇంకొక మాట. పల్లెల్లో ఆడిన మన పాత పద్ధతి ఆటలు కూడా రాసిపెట్టి ఉండవచ్చు. అందులో బంటు మొదట్లో రెండు గళ్లు జరగదు, రాజు ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. సాఫ్ట్‌వేర్ వాటిని తప్పు ఎత్తులుగా తిరస్కరిస్తుంది. అవి తప్పులు కావు గనుక వేరే కట్టగా ఉంచండి.

ఆరో అడుగు: జాబితా

కంప్యూటరులో ఒక స్ప్రెడ్‌షీటు తెరిచి ఒక్కో కాగితానికి ఒక్కో వరుస కేటాయించండి. పుస్తకాలకు వేరే పట్టిక. ఒక వరుస ఇలా ఉంటే చాలు: "కట్ట 3, షీటు 17. తేదీ లేదు. డిస్క్రిప్టివ్ పద్ధతి. ఆయనవి నల్లపావులు. ప్రత్యర్థి ఇంటిపేరు మాత్రమే ఉంది. 41వ ఎత్తు దగ్గర ఆగింది. అడుగున పెన్సిలుతో 'సీల్డ్' అని ఉంది. కుడి అంచు చెదలు తిన్నది." కాగితం మీద సంఖ్య వేయవలసి వస్తే వెనకవైపు మూలన మెత్తటి పెన్సిలుతో వేయండి.

జిల్లాల పేర్ల దగ్గర జాగ్రత్త. అమలాపురంలో జరిగిన పోటీ పాత కాగితంలో తూర్పు గోదావరి జిల్లా అని ఉంటుంది, 2022 ఏప్రిల్ నుంచి అది కోనసీమ జిల్లా. కాకినాడ, ఏలూరు కూడా అప్పుడే విడి జిల్లాలయ్యాయి. 2014కు ముందు 'రాష్ట్ర ఛాంపియన్‌షిప్' అంటే హైదరాబాదు కూడా కలిసిన రాష్ట్రం. కాగితంలో ఉన్న పేరును ఉన్నట్టే రాసి, నేటి పేరును పక్క గడిలో చేర్చండి.

ఏడో అడుగు: స్కానింగు, పీజీఎన్

చేతిరాతలన్నిటినీ రంగుల్లో, 300 డీపీఐకి తగ్గకుండా స్కాన్ చేయించండి. నలుపు తెలుపులో కార్బన్ నీలానికీ తరువాత దిద్దిన పెన్సిలుకూ తేడా పోతుంది. కాగితాలను జిరాక్సు షాపులో వదిలి రావద్దు, దగ్గరుండి చేయించాలి. స్కానరు లేకపోతే ఉదయం పూట వరండాలో, నీడపట్టున, ఫ్లాష్ లేకుండా ఫోనుతో తీసినా సరిపోతుంది. ఫైలు పేరు, జాబితాలోని సంఖ్య ఒకటే కావాలి. మూడు ప్రతులు చేసి వాటిలో ఒకటి డెల్టాకు వెలుపల ఉన్న బంధువు దగ్గర ఉంచండి.

ఆటలను పీజీఎన్ రూపంలోకి ఎక్కించడం వేరే పని, దానికి నెలలు పడుతుంది. 1993లో వచ్చిన ఈ సాదా ఫైలు పద్ధతిని అన్ని చదరంగ సాఫ్ట్‌వేర్లూ చదువుతాయి. పోటీ, స్థలం, తేదీ, రౌండు, తెల్ల, నల్ల, ఫలితం అన్న ఏడు వివరాలు ముందుండాలి. తెలియని తేదీకి ప్రశ్నార్థకాలు పెట్టే వీలుంది, కనుక కల్పించనక్కరలేదు. లీచెస్ అనే ఉచిత చదరంగ వెబ్‌సైటులో ఒక్కో స్టడీకి (ఆటలను దాచే పేజీకి) 64 ఆటల వరకు పెట్టుకోవచ్చు. ఊళ్లో చదరంగం నేర్చుకునే పిల్లలకు పది పది షీట్లు చొప్పున నకళ్లు పంచితే (అసలు ప్రతులు కాదు) పనీ తెములుతుంది, పాత పద్ధతీ పట్టుబడుతుంది.

ఎనిమిదో అడుగు: హక్కులు

ఆటలోని ఎత్తులను ఎవరైనా ప్రచురించవచ్చు. ఆయన రాసుకున్న విశ్లేషణకు, వ్యాఖ్యలకు మాత్రం 1957 కాపీరైటు చట్టం కింద వారసులకు హక్కు ఉంటుంది: ఆయన బతికుండగా అచ్చయినవాటికి మరణానంతరం 60 ఏళ్ల వరకు, అప్పటికి అచ్చుకానివాటికి మొదటిసారి అచ్చయిన తరువాత 60 ఏళ్ల వరకు. ఇతరులు ఆయనకు రాసిన ఉత్తరాల్లో కాగితం మీ కుటుంబానిది, రాత మీద హక్కు మాత్రం రాసినవారిది. అందువల్ల వాటిని భద్రపరచమని ఇవ్వవచ్చు గాని అనుమతి లేకుండా అచ్చువేయరాదు. ఆయన ఆర్బిటరుగానో (పోటీ న్యాయనిర్ణేతగానో) కార్యదర్శిగానో పనిచేసి ఉంటే, ఇతర ఆటగాళ్ల అసలు షీట్ల కట్టలు కూడా ఇంట్లో ఉంటాయి. ఫిడే నియమాల ప్రకారం స్కోరు షీట్లు పోటీ నిర్వాహకులవి కనుక, వాటిని ఎవరికైనా ఇచ్చేముందు సంబంధిత సంఘానికి ఒక మాట చెప్పాలి.

తొమ్మిదో అడుగు: ఎవరికివ్వాలి

ఇక్కడే తొందరపాటు ఎక్కువ. ఇస్తామంటే వద్దనేవారు తక్కువమంది, ఉంచగలిగేవారు ఇంకా తక్కువమంది. స్థలం చూడకుండా మాట ఇవ్వకండి. వెళ్లినప్పుడు పాత దానాలు ఎక్కడ ఉన్నాయో చూపించమని అడగండి. అవి మెట్ల కింద గోనెసంచుల్లో ఉంటే మీవీ అక్కడికే చేరతాయి.

చేతిరాతలకు మొదట ఆలోచించవలసింది తాళపత్రాలను, పాత పుస్తకాలను ఉంచే అలవాటున్న సంస్థలు. మన ప్రాంతంలో రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయం అటువంటిది. ఆయన చదివిన లేదా పాఠం చెప్పిన కళాశాల, అంతర్ విశ్వవిద్యాలయ పోటీలలో ఆడి ఉంటే ఆ విశ్వవిద్యాలయ గ్రంథాలయం తరువాతివి. జిల్లా గ్రంథాలయ సంస్థల శాఖలు పాఠకులకు పుస్తకాలు అందించడానికి ఏర్పడినవి కనుక అచ్చు పుస్తకాలకు తగినవి, విడి కాగితాలకు అంతగా కావు. చదరంగ సంఘాలకు అభిమానం ఉంటుంది గాని చాలావాటికి సొంత భవనం ఉండదు. కార్యవర్గం మారినప్పుడల్లా పెట్టెలు కార్యదర్శి ఇల్లు మారతాయి. అందువల్ల సంఘానికి స్కాన్ ప్రతులు, భవనం ఉన్న సంస్థకు అసలు ప్రతులు ఇవ్వడం మేలు. శిక్షణ కేంద్రాలకు పుస్తకాలు ఇవ్వండి.

విదేశాల్లో చదరంగానికే పేరుపడ్డ సేకరణలు రెండున్నాయి: 1928లో మరణించిన జాన్ జి. వైట్ అప్పగించిపోయిన సేకరణ అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఉన్న క్లీవ్‌లాండ్ పబ్లిక్ లైబ్రరీలో ఉంది, వాన్ డెర్ లిండే, నీమైయర్ల సేకరణ హేగ్ నగరంలోని నెదర్లాండ్స్ జాతీయ గ్రంథాలయంలో ఉంది. తెలుగులో అచ్చయిన చదరంగపు చిన్న పుస్తకాలకు రెండో ప్రతి ఉంటే అటువంటి చోటుకు ముందుగా ఈమెయిలు రాసి, వారు కోరితేనే పంపవచ్చు. జిల్లా పోటీల స్కోరు షీట్లను మాత్రం సముద్రం దాటించవద్దని నా అభిప్రాయం. ఆ ఇంటిపేర్లను గుర్తుపట్టి "ఈయన మా మావయ్య" అనగలిగే మనిషి తణుకులోనో పాలకొల్లులోనో ఉంటాడు, ఒహాయోలో ఉండడు.

పదో అడుగు: ఉత్తరం, దానపత్రం

సంస్థకు రాసే ఉత్తరం ఒక్క పేజీ దాటకూడదు. నమూనా ఇది:

"నమస్కారం. మా నాన్నగారు కీర్తిశేషులు (పేరు) ఈ జిల్లాలోను, రాష్ట్రస్థాయిలోను చదరంగ పోటీలలో ఆడారు. ఆయన చేతిరాతలో ఉన్న (సంఖ్య) స్కోరు షీట్లు, (సంఖ్య) నోటుబుక్కులు, కొన్ని టోర్నమెంటు బులెటిన్లు మా దగ్గర ఉన్నాయి. జాబితాను, నాలుగు ఫోటోలను జతచేస్తున్నాము. వీటిని విడదీయకుండా ఒకే సేకరణగా ఉంచి, చూడవచ్చిన వారికి అందుబాటులో ఉంచే సంస్థకు ఉచితంగా ఇవ్వాలని మా కుటుంబ సభ్యులందరం నిర్ణయించుకున్నాము. మీకు సమ్మతమైతే ఒకసారి వచ్చి చూడవలసిందిగా కోరుతున్నాము. వీలుపడకపోతే ఆ మాట తెలియజేసినా మాకు మేలే."

చివరి వాక్యం ఉంచితే జవాబు తొందరగా వస్తుంది. నెల రోజులకూ రాకపోతే నేరుగా వెళ్లి కలవండి.

కదిలే వస్తువుల దానం అప్పగింతతోనే చెల్లుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా తెల్లకాగితం మీద రెండు ప్రతులు రాసుకుని, వారసులందరూ, సంస్థ తరఫున అధికారం ఉన్నవారూ సంతకం చేయాలి. అందులో ఉండవలసిన షరతులు తక్కువే: జాబితా జతగా ఉండాలి, సేకరణను విడగొట్టకూడదు, సంస్థకు అక్కరలేనివాటిని అమ్మకుండా, పారేయకుండా ముందు కుటుంబానికి తెలపాలి, కుటుంబానికి, పరిశోధకులకు చూసే వీలుండాలి. పేరుతో ప్రత్యేక గది, గోడ మీద నిలువెత్తు ఫోటో, ఏటా సభ వంటివి అడగవద్దు. అవి రాసుకున్న ఒప్పందాలు రెండో ఏటికే అటకెక్కుతాయి, వాటితోపాటు అవసరమైన షరతులూ మరుగున పడతాయి.

పదకొండో అడుగు: పుస్తకాలు

ఇది తేలిక. తూకానికి అమ్మవద్దు. బెల్‌గ్రేడ్ నుంచి 1966లో మొదలైన 'చెస్ ఇన్ఫర్మేటర్' (ఎంపిక చేసిన ఆటల) సంపుటాలు వరుసగా ఉంటే వాటిని విడదీయకుండా ఒకే చోటుకు ఇవ్వండి. ఒకప్పుడు విశాలాంధ్ర పుస్తక దుకాణాల్లో చవకగా దొరికిన సోవియట్ ప్రచురణలకు 1991 తరువాత రాక ఆగిపోయింది గనుక వాటిని కోరేవారు ఇప్పటికీ ఉన్నారు. ఓపెనింగుల (ఆట మొదటి ఎత్తుల) మీద 1980లలో వచ్చిన పుస్తకాలు కంప్యూటర్ల దెబ్బకు పాతబడ్డాయి, వాటిని పిల్లలకు ఇస్తే పనికంటే అయోమయం ఎక్కువ. ఎండ్‌గేమ్ (ఆట చివరి దశ) పుస్తకాలు, గొప్ప ఆటగాళ్ల ఎంపిక చేసిన ఆటల సంపుటాలు మాత్రం ఏ పిల్లవాడికైనా నేటికీ పనికొస్తాయి. కుటుంబం డబ్బు ఆశిస్తే తప్పేమీ లేదు. జాబితాను ఇద్దరు ముగ్గురు సేకర్తలకు పంపి ధర అడగండి, కాని మంచివి ఏరుకుని మిగతావి వదిలేస్తామన్నవారికి ఒప్పుకోవద్దు.

షీల్డులు, కప్పులను ఏ సంస్థా కోరదు. వాటిమీద చెక్కిన పేరు, పోటీ, సంవత్సరం కనబడేలా ఫోటో తీసి జాబితాలో చేర్చి, వస్తువులను మనవలకు పంచండి. బోర్డు, పాత కీ గడియారం ఇంట్లోనే ఉంచుకోవచ్చు.

పన్నెండో అడుగు: అప్పగింత, ఆ తరువాత

చేతిరాతలను పార్సిలులో పంపవద్దు, స్వయంగా కారులో తీసుకెళ్లి అప్పగించండి. పుస్తకాలకు ఆర్టీసీ కార్గో సరిపోతుంది. పెట్టె ఒక మనిషి ఎత్తగలిగినంత బరువే ఉండాలి, లోపల పాలిథీన్ పొర ఉండాలి, పెట్టె మీద సంఖ్య, లోపల ఆ పెట్టె జాబితా ఉండాలి. చేర్చిన రోజే ఒక్కో కట్టను జాబితాతో సరిచూసి రసీదు తీసుకోండి.

తరువాత జాబితా నకలును ఆయనతో ఆడినవారికి, వారు లేకపోతే వారి పిల్లలకు పంపండి. ప్రతి స్కోరు షీటులోనూ రెండు పేర్లుంటాయి, రెండోవారి ఇంట్లోనూ ఒక కట్ట ఉండే అవకాశం ఉంది. మీ దగ్గర చెదలు తిన్న ఎత్తులు అక్కడ నిలిచి ఉండవచ్చు. అప్పగించాక వచ్చే మొదటి వర్షాకాలం వెళ్లగానే సంస్థకు వెళ్లి, పెట్టెలు తెరిపించి, చెమ్మ చేరిందేమో చూడండి. చేరి ఉంటే అక్కడి గ్రంథపాలకునితో మాట్లాడి, పై అరకు మార్పించి, సిలికా జెల్ పొట్లాలు మీరే కొనిచ్చి రండి.